నాన్న చేతికి పోటీగా పెట్టిన షాపు

మా నాన్న యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగంలో మసాజ్ చేసేవాడు. ఉద్యోగం అటెండరే గాని గ్రౌండులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. కాలు బెణికిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, భుజం పట్టేసిన జావెలిన్ వాళ్ళు, తొడలు రాళ్ళలా బిగుసుకుపోయిన పరుగుపందెం వాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. డ్యూటీ దిగాక కూడా ఆ చేతికి విశ్రాంతి ఉండేది కాదు. క్యాంపస్‌లో మా క్వార్టర్ వరండాలో ఒక పొడుగాటి చెక్కబల్ల ఉండేది. సాయంత్రమైతే దాని మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని మూలుగుతూ ఉండేవాళ్ళు. ఆటగాళ్ళే కాదు, నడుం నొప్పితో ప్రొఫెసర్లు కూడా చొక్కా విప్పి ఆ బల్ల ఎక్కేవాళ్ళు.

నూనె వెచ్చబెట్టడం నా పని. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి, అవి ఎర్రబడ్డాక దించి, కాస్త కర్పూరం కలిపి గిన్నె వరండాలో పెట్టాలి. పెట్టి అక్కడే నిలబడితే "లోపలికి పో" అనేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. ముందు అరచెయ్యి పరిచి వీపంతా నిమిరేవాడు. తర్వాత పిండి కలిపినట్టు కండ పట్టి పిసికేవాడు. ఎక్కడో ఒకచోట ఆగి బొటనవేలు దించేవాడు. బల్ల మీద మనిషి కేక పెట్టేవాడు. "అరవబాక, ఊపిరి వదులు" అనేవాడు నాన్న. ఆఖర్న రెండు చేతుల అంచులతో టపటపా కొట్టి, చెయ్యో కాలో పట్టుకుని ఒక్క దులుపు దులిపి లేపేవాడు. లేచినవాడు మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "కమాల్ చేసినవ్ ఉస్తాద్" అని నవ్వుకుంటూ పోయేవాడు.

ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే లోపల అమ్మ ఉండేది.

అమ్మ సీతాఫల్‌మండిలో ఒక మిషన్ స్కూల్లో టీచరు. బోర్డు మీద రాసి రాసి ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. తన జడ తాను వేసుకోలేకపోయేది. ఆమె నాకు జడ వెయ్యాల్సిన వయసులో నేనే ఆమెకు జడ వేసి స్కూలుకు పంపేదాన్ని. బస్సులో పై కడ్డీ అందుకోలేక, ఎడమ చేత్తో సీటు అంచు పట్టుకుని ఊగుతూ వెళ్ళేది. క్యాంపస్ అంతా పొగిడే చెయ్యి ఆమె ఇంట్లోనే ఉంది. అది ఆమె భుజం మీద ఒక్కసారి కూడా పడలేదు.

అడగలేదని కాదు. ఒక సాయంత్రం చివరి ఆటగాడు వెళ్ళిపోయాక అమ్మ భుజం మీద తువ్వాలు వేసుకుని వరండాలోకి వెళ్ళింది. నేను గిన్నె తీసుకురావడానికని వెనకే వెళ్ళాను.

"ఏమండీ, ఒక్కసారి ఈ రెక్క చూస్తారా? బోర్డు మీద పైన రాయలేకపోతున్నాను" అంది.

నాన్న చేతులు తుడుచుకుంటున్నాడు. "పొద్దుట్నుంచీ జనాన్ని పిసికి పిసికి చచ్చి ఉన్నా. ఇంటికొచ్చాక గూడా డ్యూటీయేనా?"

"ఇవాళ వద్దులెండి. రేపైనా సరే."

"ఆడాళ్ళకి నేను చెయ్యను. నీకు తెలవదా?"

"నేను మీ భార్యనండీ."

"అయితే? వరండాలో చేస్తే చూసినోళ్ళు నవ్వుతారు. లోపల చేస్తే రోజూ చెయ్యమంటావు" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

అమ్మ తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి లోపలికి పట్టుకెళ్ళింది. మొహంలో ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె ఎన్నోసార్లు అడిగింది, కానీ ఆ మొదటిసారి అడిగినంత మెత్తగా ఎప్పుడూ అడగలేదు. నాకైతే ఆ సాయంత్రం నుంచే నాన్న చేతులంటే పగ. ఆయన మా మీద చెయ్యి చేసుకునే మనిషి కాదు. తాగేవాడు కాదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేవాడు. బయటివాళ్ళకు చెప్పుకుందామంటే ఆయనలో చెడ్డతనం ఏమీ దొరకదు. అందుకే ఆ కోపం ఎక్కడా తీర్చుకోవడానికి లేక నాలోనే ఉండిపోయింది.

అమ్మ వీపు మీద నేను మొదట వాడిన పరికరం అప్పడాల కర్ర. ఆమె గోడకు మొహం పెట్టి కుర్చీలో కూర్చుంటే, జాకెట్టు మీద నుంచే రెక్క చుట్టూ కర్ర దొర్లించేదాన్ని. చేతులు చిన్నవి, బలం లేదు, కర్రకు కొంచెం బరువుంది. అది పనికొచ్చింది. తర్వాత తార్నాక చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ మీద గాట్లు గాట్లుగా చెక్కిన చెక్క రోలర్లు అమ్ముతుంటే ఒకటి కొన్నాం. దాని పక్కనే తాడుకు పెద్ద చెక్క పూసలు గుచ్చి, రెండు వైపులా పిడులు పెట్టినది ఒకటి ఉంది. పైనుంచి ఒక చేత్తో, కిందనుంచి ఇంకో చేత్తో పట్టి లాగితే పూసలు వీపంతా పాకుతాయి. అమ్మకు పై చెయ్యి లేవదు కాబట్టి ఒక పిడిని కిటికీ చువ్వకు కట్టేశాం. రెండోది ఎడమ చేత్తో తానే లాగేది. ఎవర్నీ అడగకుండా అమ్మ తన వీపు తాను రుద్దుకోవడం అదే మొదలు. నాన్న ఆ తాడు చూసి, "మేకను కట్టేసినట్టుంది" అన్నాడు. అమ్మ లాగడం ఆపలేదు.

డిగ్రీ అయ్యాక నాకు తార్నాకలో ఒక మెడికల్ సామాన్ల షాపులో ఉద్యోగం దొరికింది. బీపీ మిషన్లు, వాకర్లు, నడుం బెల్టులు, వీల్‌చైర్లు అమ్మేవాళ్ళం. ఒక మూల అరలో కరెంటు వైబ్రేటర్లు ఉండేవి. ఇప్పటి వాటిలా చేతిలో ఇమిడేవి కావు. ఇస్త్రీపెట్టె అంత బరువు, లోపల తీగచుట్ట, ముందు మార్చుకునే రబ్బరు తలలు. ఆన్ చేస్తే గర్రుమని మొత్తం చెయ్యి జలదరించేది. కాసేపటికి కాలిన వాసన వచ్చేది. మా ఓనరు ఒక పాత డిస్‌ప్లే పీసు నాకిచ్చేశాడు. ఇంటికి తెచ్చి అమ్మ భుజం మీద పెట్టాను. ఆమె పళ్ళు కటకటలాడాయి. మాట్లాడుతుంటే గొంతు వణికి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఎంతసేపు పట్టుకున్నా నా చేతులు నొప్పెట్టలేదు. పని చేసేది మిషను, నేను ఊరికే పట్టుకుంటున్నా, అంతే.

సరిగ్గా అప్పుడే వరండాలోంచి నాన్న లోపలికొచ్చాడు. "ఆపు దాన్ని. బయట మనిషికి చేస్తుంటే గేదె అరిచినట్టు ఆ మోతేంది?" అన్నాడు.

"కాసేపు ఓర్చుకో నాన్నా. అమ్మకు నొప్పి" అన్నాను.

"నొప్పికి చెయ్యి కావాలి, కరెంటు కాదు."

"చెయ్యి ఉందిగా మరి. వెయ్యి."

ఆయన నా వైపు చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు నేను షాపు నుంచి వచ్చేసరికి వైబ్రేటరు వైరు మధ్యకు తెగి ఉంది. బ్లేడుతో కోసినట్టు శుభ్రంగా ఉంది. అమ్మ దాన్ని సంచిలో వేసుకుని మాణికేశ్వర్ నగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. అతను వైరు చూసి, "ఎలుక కొరికింది గాదు మేడం ఇది. ఎవరో కోసిన్రు" అన్నాడు.

"మా ఇంట్లో పెద్ద ఎలుక ఉందిలే నాయనా. ఇంకొంచెం పొడుగు వైరు వెయ్యి" అంది అమ్మ.

అప్పట్నుంచి అమ్మ నాన్న గ్రౌండుకు వెళ్ళే వేళ చూసుకుని మిషను పెట్టుకునేది. దాచడం మాత్రం దాచలేదు. వాడాక హాల్లో టీవీ పక్కన, ఆయన చూసే చోటే పెట్టేది. వైరు మళ్ళీ తెగలేదు. ఇద్దరి మధ్య మాటలు మాత్రం అన్నానికి పిలవడం దగ్గర ఆగిపోయాయి.

కొన్నాళ్ళకు నాన్న ఉద్యోగంలో కూడా మిషన్లు వచ్చాయి. స్పోర్ట్స్ విభాగానికి ఫిజియోథెరపీ చదువుకున్న ఒకాయన వచ్చాడు. గదికి ఏసీ పెట్టారు. కరెంటు ప్యాడ్లు అతికించే మిషను, అల్ట్రాసౌండు మిషను, కాళ్ళకు తొడిగి గాలి నింపే గొట్టాలు వచ్చాయి. నాన్నను ఐసు తెచ్చివ్వమన్నారు, తువ్వాళ్ళు మడిచి పెట్టమన్నారు. ఆటగాళ్ళు ఆయన్ని చూస్తే ఇంకా "సలాం ఉస్తాద్" అనేవాళ్ళే గాని బల్ల ఎక్కడం తగ్గింది. తర్వాత తర్వాత వాళ్ళ బ్యాగుల్లోనే డ్రిల్లింగ్ మిషను లాంటి మసాజ్ గన్‌లు ఉండేవి. గ్రౌండు అంచున కూర్చుని తొడకు తామే ఆనించుకుని దడదడలాడించుకునేవాళ్ళు. వరండా ఖాళీ అయింది. నాకు జాలి కలిగి ఉండాల్సింది. కలగలేదు. బల్ల మీద దుమ్ము పేరుకుంటుంటే తుడవకుండా వదిలేశాను. నాన్న ఒకరోజు తానే తుడుచుకున్నాడు.

ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకలో ఒక సందులో అద్దెకు దిగాం. నేను పెళ్ళి చేసుకోలేదు. అది వేరే సంగతి, ఇక్కడ అనవసరం. నేను పనిచేసిన షాపు ఓనరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోతుంటే ఆ చోటు నేను తీసుకున్నాను. వీల్‌చైర్లూ వాకర్లూ తగ్గించి పూర్తిగా మసాజ్ మిషన్లు పెట్టాను. నాన్నను సలహా అడగలేదు. బోర్డు పెట్టిన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నాన్న ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే పడుకున్నాడు.

మసాజ్ అనే మాట బోర్డు మీద ఉంటే ఆడమనిషికి ఎన్ని తిప్పలో చెప్తే ఒక రోజు చాలదు. ఫోన్ చేసి గొంతు తగ్గించి ఏవేవో అడిగేవాళ్ళు. "ఇక్కడ మిషన్లు అమ్ముతాం. మీ ఇంట్లోవాళ్ళ నంబరివ్వండి, వాళ్ళకు వివరంగా చెప్తాను" అంటే పెట్టేసేవాళ్ళు. చర్చిలో ఒకామె, "ఏమిటో, ఇంకే వ్యాపారం దొరకలేదా అమ్మా" అని అందరూ వినేలా అడిగింది. ఆమె మరుసటి నెల మోకాళ్ళ మిషను కోసం వచ్చింది. తగ్గించమంటే పైసా తగ్గించలేదు.

షాపులో మధ్యన పెద్ద కుర్చీ ఉంది. నల్ల రంగు తోలు, వెనక్కి వాలితే కాళ్ళు పైకి లేస్తాయి. లోపల పట్టా మీద రోలర్లు వెన్ను పొడుగునా పాకుతాయి. కూర్చున్న మనిషి భుజాలు ఎక్కడున్నాయో ముందు కుర్చీయే తడిమి చూసుకుని ఆ తర్వాత మొదలుపెడుతుంది. రిమోట్ మీద వేరు వేరు బటన్లు ఉంటాయి. ఒకటి నొక్కితే నిమురుతుంది, ఒకటి నొక్కితే పిసుకుతుంది, ఒకటి నొక్కితే టపటపా కొడుతుంది. కొన్నవాళ్ళకు అవన్నీ కొత్త. నేను మాత్రం ఆ వరస కిటికీలోంచి చూసి ఎప్పుడో నేర్చుకున్నాను.

అప్పటికి స్కూలు నుంచి రిటైరైన అమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. మాట్లాడకుండా, కళ్ళు మూసుకుని. కస్టమర్లు ఉంటే లేచి నిలబడేది, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కూర్చునేది. "దీనికి థాంక్స్ చెప్పక్కర్లేదు, అదే నాకు హాయి" అనేది.

నాన్న షాపుకు మొదటిసారి వచ్చిన రోజు మెడ నొప్పితో ఒక బ్యాంకు మేనేజరు కుర్చీ చూస్తున్నాడు. దాదాపు కొనేసినట్టే. నేను రిమోట్ ఎలా వాడాలో చెప్తున్నాను. నాన్న తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాడు. తర్వాత తిన్నగా అతని దగ్గరికొచ్చి, "ఎందుకయ్యా ఇంత పెద్ద డబ్బా? ఇట్టా తిరుగు" అని స్టూలు లాగి కూర్చోబెట్టాడు. నేను వద్దనే లోపలే అతని మెడ మీద చేతులు వేసేశాడు. అవే చేతులు, అదే వరస. ఆ మేనేజరు తల వాల్చేశాడు. లేచాక మెడ తిప్పి చూసుకుని, "అంకుల్, మీరు ఇంటికొస్తరా?" అని అడిగాడు. కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అతను వెళ్ళాక నేను తలుపు దగ్గరగా వేశాను.

"నా షాపులో ఎవరి మీదా చెయ్యి వెయ్యొద్దు" అన్నాను.

"నీ షాపా? ఇందులో ఉన్నదంతా ఏంది? నా చెయ్యే. ఎవడో కంపెనీవాడు నా బోటోళ్ళ చెయ్యి చూసి బొమ్మ చేసి నీకిచ్చాడు. నువ్వు ఆ బొమ్మ అమ్ముకుంటున్నావు."

"అవును. బొమ్మే. అమ్మ కూర్చుంటే అమ్మకు చేస్తుంది. నువ్వు ఆడదానివి, నువ్వు నా పెళ్ళానివి అనదు."

ఆయన మొహం నల్లబడింది. "తల్లీకూతుళ్ళు కలిసి నా మీద షాపు పెట్టారు" అన్నాడు.

"అంతే అనుకో."

"నా చెయ్యి పడిపోయినా నీ గడప తొక్కను."

"తొక్కకు."

ఆయన వెళ్ళాక నేను కుర్చీని గుడ్డతో తుడిచాను. ఆయన దాన్ని ముట్టుకోనేలేదు. అయినా తుడిచాను.

ఆ తర్వాత చాలా నెలలకు ఒక అమ్మాయి షాపుకొచ్చింది. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రీసెర్చ్ చేస్తోందట. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్ల. ఒక మసాజ్ గన్ కొని, "దీన్ని ఇప్పి చూస్తా అక్కా, వాడటానికి కాదు" అంది. దానంతట అది మసాజ్ చేసే యంత్రపు చెయ్యి తయారు చేస్తున్నారట. కుర్చీలో రోలర్లు ఒకే దారిలో పోతాయి, ఈ చెయ్యి మాత్రం మనిషి ఒంటిని బట్టి ఎక్కడ ఎంత నొక్కాలో తానే చూసుకోవాలి. అందుకు బాగా తెలిసిన మనిషి చెయ్యి ఎలా నొక్కుతుందో ముందు కొలవాలి.

"గ్రౌండుల పాత కోచ్ సార్ చెప్పిండు, ఒక ఉస్తాద్ ఉండేనంట. తార్నాకలనే ఉంటడంట. మీకు ఎరుకేనా?"

"తెలుసు. రాడు" అన్నాను.

కుర్చీలోంచి అమ్మ కళ్ళు తెరిచింది. "వస్తాడు. నేను తీసుకొస్తాను" అంది.

ఆమె ఇంట్లో నాన్నతో చెప్పింది ఒక్క ముక్కే: "యూనివర్సిటీవాళ్ళు మిమ్మల్ని పిలుస్తున్నారు." ఆయన ఎందుకని కూడా సరిగ్గా అడగలేదు. చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఐసు మోయించిన చోటికి అతిథిలా వెళ్ళడం ఆయనకు ఎంత కావాలో అమ్మకు తెలుసు. నాకు చిరాకేసినా, ఆయన ఏం చేస్తాడో చూడాలని నేనూ వెళ్ళాను.

ల్యాబులో టేబుల్ మీద రబ్బరుతో చేసిన వీపు ఒకటి పెట్టారు. ఆ అమ్మాయి నాన్న రెండు చేతులకూ పలచని గ్లవ్‌లు తొడిగింది. వాటికి సన్న తీగలు వేలాడుతున్నాయి. వేలు ఎక్కడ ఎంత ఒత్తితే తెర మీద అక్కడ అంత రంగు మారుతుంది. నాన్న రబ్బరు వీపును ఒకసారి నొక్కి చెయ్యి తీసేశాడు.

"దీనికి ప్రాణం లేదు. దీని మీద చేసేదేంది?"

"కరెక్టే అంకుల్. ఇంకో స్కాలర్ రావాలె, ఆయనకు జరమొచ్చింది. నేనే కూసుంటా, నాకు చేయండ్రి."

"నేను ఆడపిల్లలకి చెయ్యను."

ఆ అమ్మాయి ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది. అమ్మ చేతిలో సంచి పక్కన పెట్టి, వచ్చి స్టూలు మీద కూర్చుంది. వీపు నాన్న వైపు తిప్పింది. "నాకు చెయ్యమనండమ్మా. భుజమే కదా కావాల్సింది. నా భుజం ఎప్పట్నుంచో పట్టేసి ఉంది" అంది, ఆయనతో కాకుండా ఆ పిల్లతో.

నాన్న అలాగే నిలబడ్డాడు. ల్యాబులో ఇంకో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఉన్నారు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అని పిలిచి కుర్చీ వేసి టీ ఇచ్చినవాళ్ళు. కుదరదనడానికి దారి లేదు. నన్ను చూశాడు. నేను మొహం తిప్పుకోలేదు, సాయం కూడా చెయ్యలేదు.

ఆయన చేతులు అమ్మ భుజం మీద పడ్డాయి. ముందు నిమిరాడు. తర్వాత పిసికాడు. తెర మీద పసుపూ ఎరుపూ పాకుతున్నాయి. అమ్మ తల నిటారుగా పెట్టుకుని ఎదురుగా గోడను చూస్తోంది. కొంతసేపటికి నాన్న రెక్క ఎముక అంచున ఆగి బొటనవేలు దించాడు.

"ఇక్కడ ముడి ఉంది. చాలా పాతది" అన్నాడు, వరండాలో ఎవరితోనైనా అన్నట్టే.

"పాతదే" అంది అమ్మ.

ఆమె కేక పెట్టలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. అవి నొప్పికి వచ్చినవో కాదో నేను చెప్పలేను.

అయిపోయాక ఆ అమ్మాయి తెర చూపిస్తూ, "చానా మంచిగ వచ్చింది అంకుల్. కని కుడి బొటనవేలు తక్కువ పడ్తున్నది. నొప్పి ఉన్నదా?" అంది.

"నీ గ్లవ్‌లో ఏదో లోపం."

ఆమె గ్లవ్ మార్చి ఇంకోసారి నొక్కించింది. కుడి వైపు రంగు మళ్ళీ వెలిసిపోయినట్టే వచ్చింది. "డాక్టర్‌కు చూపించుకోండ్రి అంకుల్. లోపల కీలు అరిగినట్టున్నది" అంది మర్యాదగానే. నాన్న గ్లవ్‌లు లాగి టేబుల్ మీద పడేసి బయటికి నడిచాడు.

ముగ్గురం ఒకే ఆటోలో వచ్చాం. నాన్న ఒక అంచున, నేను ఒక అంచున, మధ్యలో అమ్మ. ఆమె కుడి చెయ్యి ఎత్తి ముందున్న కడ్డీ పట్టుకుంది. దించి మళ్ళీ ఎత్తింది.

"ఇంతసేపే పట్టేదా?" అంది.

"ఏంటమ్మా?" అన్నాను.

"ఏం లేదు. ఇంత చిన్న పనికి నేను ఎన్నేళ్ళు అడిగానా అనుకుంటున్నా."

నాన్న బయటికి చూస్తూ డ్రైవరుతో, "విద్యానగర్ వైపు ఎందుకు తిప్పుతున్నావ్? తార్నాక పోవాలి" అన్నాడు. అతను తార్నాక వైపే పోతున్నాడు.

మర్నాడు షాపులో అమ్మ మీద అరిచాను. "నువ్వెందుకు కూర్చున్నావు? ఆయన ముందు అంత తగ్గాలా?"

"తగ్గలేదే. చూడాలనిపించింది. అందరూ అంటారే, నిజంగానే అంత బాగా చేస్తాడా, లేక ఊరికే అంటారా అని."

"ఎలా ఉంది మరి?"

"చాలా బాగుంది" అంది అమ్మ. "బాగా లేకపోతేనే బాగుండేది. ఇప్పుడు ఇంకా కోపంగా ఉంది" అంది.

ఆ వానాకాలం నాన్న బొటనవేళ్ళు వాచాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. బ్రష్ పట్టుకుంటే జారిపోయేది. డాక్టరు ఎక్స్‌రే చూసి వేళ్ళ మొదట్లో కీళ్ళు అరిగిపోయాయనీ, ఇక ఎవరికీ మసాజ్ చెయ్యకూడదనీ చెప్పాడు. ఒక సాయంత్రం ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను కూరలు తరుగుతున్నాను.

"ఏమే, ఈ చేతికి కాస్త నూనె రాస్తావా? లాగేస్తోంది" అన్నాడు అమ్మతో.

అమ్మ పొయ్యి కట్టేసింది. లోపలికెళ్ళి చేతిలో పట్టుకునే చిన్న మసాజ్ మిషను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నా చెయ్యి ఇప్పుడిప్పుడే కాస్త లేస్తోంది. మళ్ళీ పాడుచేసుకోను. ఇది పెట్టుకోండి. స్విచ్ పక్కనుంది" అని మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. తర్వాత మిషను అక్కడే బియ్యం డబ్బా మీద చాలా రోజులు ఉంది.

ఈలోగా ఆ రీసెర్చ్ అమ్మాయి తన యంత్రం తయారైందని ఫోన్ చేసింది. అమ్మ రానంది. నాన్నను ఎవరూ అడగలేదు. నేనొక్కదాన్నే క్యాంపస్‌కు వెళ్ళాను. ఇనప చెయ్యి, చివర మెత్తటి గుండ్రటి తల. ఆ అమ్మాయి నన్ను బల్ల మీద బోర్లా పడుకోమంది. ఆ యంత్రం ముందు వీపంతా మెల్లగా తడిమింది. తర్వాత నిమిరింది. తర్వాత రెక్క పక్కన ఆగి ఊపిరి తీసుకున్నట్టు ఒక్క క్షణం నిలబడి అప్పుడు దిగింది. ఆ ఆగడం కుర్చీల్లో ఎక్కడా ఉండదు. నాన్న చెయ్యి నా ఒంటి మీద ఎప్పుడూ పడలేదు. జ్వరమొస్తే నుదురు ముట్టుకుని చూసింది కూడా అమ్మే. ఈ వయసులో, ఇనుము తగిలించుకుని, ఎవరి రీసెర్చ్‌కో ఆయన చెయ్యి నా దగ్గరికి రావడం నేను తట్టుకోలేకపోయాను.

"ఆపమ్మా" అన్నాను.

"నొప్పయ్యిందా అక్కా? ఒత్తిడి తగ్గిస్తా."

"లేదు. బాగానే చేస్తోంది. ఆపేసెయ్."

నేను లేచి చున్నీ సర్దుకున్నాను. ఆ పిల్ల కంగారుగా, ఏం సరిచెయ్యాలో చెప్పమని అడిగింది. ఏమీ అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు నాన్న మధ్యాహ్నాలు నా షాపుకొస్తాడు. గడప తొక్కనన్నది మరిచిపోయాడో, గుర్తుండే వస్తున్నాడో నేనడగలేదు. అమ్మ వెళ్ళిపోయే వేళకు వస్తాడు. చేతుల కోసం వచ్చిన మిషను ఒకటి ఉంది. అందులో చెయ్యి దూర్చితే లోపల సంచుల్లోకి గాలి నిండి వేలువేలునూ పట్టి వదులుతుంది, వెచ్చబెడుతుంది. ఆయన నన్ను అడగకుండా వెళ్ళి దాని ముందు కూర్చుంటాడు. నేను రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. కస్టమర్లు ఎలా ఉందని అడిగితే, "పట్టుకుంటది, అంతే" అంటాడు. కొందరు ఆ మాటకే కొనకుండా పోతారు. నాకు కోపమొస్తుంది, నాలుగు మాటలు అంటాను, ఆయన మళ్ళీ వస్తాడు.

మొన్న ఆయనే అడిగాడు. "ఆ పిల్ల చేసిన మిషను బజార్లోకి వస్తదా?"

"రావచ్చు. వస్తే అమ్ముతాను."

"నా పేరు వేస్తారా దాని మీద?"

"ఎందుకేస్తారు నాన్నా? ఎవరి పేరూ వెయ్యరు."

ఆయన కుడి చెయ్యి బయటికి తీసి, ఎడమ చెయ్యి దూర్చాడు. బొటనవేలితో స్విచ్ నొక్కబోయాడు, వేలు వంగలేదు. నేను వెళ్ళి స్విచ్ నొక్కి, మోకాళ్ళ బెల్టు చూస్తున్న కస్టమరు దగ్గరికి తిరిగి వచ్చాను.